మీ వేళ్లకు తగ్గ పాట
గిటారుపై సొంత బాణీ కట్టుకుంటే మనసుకు తెరిపి, మణికట్టుకు రక్ష

పిల్లల చదువులు ఓ కొలిక్కి వచ్చాక, అటక మీద ఉన్న గిటారును కిందికి దించారా? మంచి పని చేశారు. పాడేవాళ్లు, పక్క వాయిద్యాలు లేకుండా ఒక్క గిటారు మీదే శ్రుతి, తాళం, పాట మూడింటినీ పలికించే పద్ధతి ఒకటుంది. పిక్‌తో పని లేకుండా వేళ్లతోనే తీగలు మీటే ఈ పద్ధతిని ఫింగర్‌స్టైల్ అంటారు. బొటనవేలు కింది శ్రుతిని నడిపిస్తుంటే, మిగతా వేళ్లు పాట అందుకుంటాయి.

చిక్కు ఎక్కడంటే, వీడియోల్లో చూసిన నిపుణుల వేగాన్ని మొదటి నెలలోనే అందుకోవాలనుకోవడం దగ్గర. పగలంతా కీబోర్డు, ఫోను, బైకు హ్యాండిల్, వంటింటి పనులతో అలసిన చేతులవి. రాత్రి వాటిని గంటసేపు కష్టమైన పాటతో వంచితే మణికట్టు ఎదురు తిరుగుతుంది. దీనికి గిటారు మానేయక్కర్లేదు. మీ చేతికి హాయిగా అందే చిన్న బాణీని మీరే కట్టుకోండి.

పాలకొల్లు చూపిన దారి

ఇందుకు ఉదాహరణ మన గోదావరి గడ్డ మీదే ఉంది. మాండలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, విన్నదాన్ని శిష్యుడు తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో, అంటే తొమ్మిదేళ్ల వయసులో, కొల్లేటికి దగ్గర్లోని గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో శ్రీనివాస్ తొలి కచేరీ చేశారు. నాలుగు జంట తీగల మాండలిన్‌కు బదులు అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని, వాయిద్యాన్నే తన సంగీతానికి అనువుగా మార్చుకున్నారు.

ఫ్రాన్స్‌లో పేరు పొందిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కు 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్లకు తగ్గట్టు ఆయన తన వాదనాన్ని మలచుకున్నారు. వీళ్లిద్దరి నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటే. ముందు పాట గొంతులో పుట్టాలి, తరవాత అది చేతి కొలతకు ఒదగాలి.

గిటారే తంబూరా

మొదటి బాణీకి మోహన రాగం అనువుగా ఉంటుంది. అయిదే స్వరాలు, పైగా తీగలను నొక్కే శ్రమ తక్కువ.

• అన్నిటికంటే లావుగా ఉండే ఆరో తీగను ‘ఇ’ నుంచి ‘డి’కి దించండి. ఫోన్‌లోని ట్యూనర్ యాప్ చాలు. ఇప్పుడు ఏమీ నొక్కకుండానే ఆరో తీగ, నాలుగో తీగ షడ్జమం, అయిదో తీగ పంచమం పలుకుతాయి.

• బొటనవేలితో 6, 4, 5, 4 తీగలను వరసగా, నింపాదిగా మీటండి. ఇదే మీ తంబూరా. మూడు రోజులపాటు ఇదొక్కటే సాధన చేసినా నష్టం లేదు.

• మూడో తీగను చూపుడువేలికి, రెండో తీగను మధ్యవేలికి, ఒకటో తీగను ఉంగరపు వేలికి అప్పగించండి. మూడో తీగ రెండో ఫ్రెట్ దగ్గర కింది ‘ప’. రెండో తీగ ఊరికే మీటితే ‘ధ’, మూడో ఫ్రెట్‌లో ‘స’. ఒకటో తీగ ఊరికే మీటితే ‘రి’, రెండో ఫ్రెట్‌లో ‘గ’, అయిదో ఫ్రెట్‌లో పై ‘ప’.

ఎడమచేతి చూపుడువేలికి రెండో ఫ్రెట్, మధ్యవేలికి మూడోది, చిటికెన వేలికి అయిదోది అందుతాయి కాబట్టి చెయ్యి జరపాల్సిన పనే లేదు. చిటికెన వేలు లాగుతుంటే పై పంచమాన్ని వదిలేయండి.

ఇక పాట. గిటారు పక్కన పెట్టి, జోలపాట నడకలో ఎనిమిది లెక్కలకు ఏదో ఒకటి కూనిరాగం తీయండి. ‘రి’ దగ్గర ఆగితే అది ప్రశ్నలా వినిపిస్తుంది. మరో ఎనిమిది లెక్కలు తీసి ‘స’ మీద దిగితే అదే జవాబు. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని తీగల మీద వెతకండి. పదహారు లెక్కలు కుదిరాయంటే బాణీ పుట్టినట్టే. గమకం కోసం ఉక్కు తీగను బలంగా లాగకండి. ఒక ఫ్రెట్ నుంచి పక్క ఫ్రెట్‌కు వేలు జార్చితే చాలు, కండరానికీ మేలే.

కొల్లేటి గాలితో జాగ్రత్త

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో వానాకాలం గాలి బరువుగా, తేమగా ఉంటుంది. గిటారు చెక్క ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది. దాంతో తీగలు ఫ్రెట్ల మీంచి పైకి లేస్తాయి, నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. ‘ఈ మధ్య వేళ్లు ఎందుకు ఇంత నొప్పి?’ అనుకుంటాం కానీ, తప్పు వేళ్లది కాకపోవచ్చు.

12వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు కొలవండి. లావు తీగ కింద రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. మూడు దాటితే వాయిద్యాలు బాగుచేసేవారితో తగ్గించుకోండి. సన్నని తీగలు వేయించుకున్నా, నైలాన్ తీగల గిటారు ఎంచుకున్నా నొక్కే బలం తగ్గుతుంది. గిటారును పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడవండి. చెమటకు తుప్పు పట్టిన తీగ వేలి కొసను గీరుతుంది.

కూర్చునే తీరు

చేతులు లేని కుర్చీలో ముందుకు జరిగి, నడుము నిటారుగా పెట్టి కూర్చోండి. గిటారు మెడ కొంచెం పైకి ఉంటే ఎడమ మణికట్టు వంగదు. కూర్చున్నా బెల్టు తగిలించుకోండి, బరువు చేతి మీద పడదు. మొదలుపెట్టే ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చేతులు ఉంచండి. 20 నిమిషాలు వాయించి, 5 నిమిషాలు ఆపండి. రోజుకు రెండు విడతలు చాలు. ఆదివారం మూడు గంటలు వాయించి వారమంతా వదిలేయడం కంటే ఇది చేతికి మంచిది.

ఏ నొప్పి మామూలు, ఏది కాదు?

మొదటి రెండు మూడు వారాలు ఎడమచేతి వేళ్ల కొసలు మండటం మామూలే. చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది. కానీ వీటిని ఓర్చుకోవద్దు:

• బొటన, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి, ముఖ్యంగా రాత్రి నిద్ర లేపేది: మణికట్టు దగ్గర నాడి నలుగుతుండొచ్చు. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

• ఉంగరపు వేలు, చిటికెన వేలిలో తిమ్మిరి: మోచేయి దగ్గర నాడి మీద ఒత్తిడి కావొచ్చు.

• వేలు వంచితే చటుక్కున పట్టేసి, తిరిగి తెరుచుకోకపోవడం: ట్రిగర్ ఫింగర్ లక్షణం.

• పట్టు తగ్గి గ్లాసు, గరిటె జారిపోవడం.

ఇలాంటివి కనిపిస్తే వాయించడం ఆపి ఎముకల వైద్యులను గానీ, నరాల వైద్యులను గానీ కలవండి. నొప్పి మాత్ర వేసుకుని సాధన కొనసాగించడం అసలు వద్దు. మధుమేహం ఉన్నవారికి ఈ సమస్యలు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారు, గర్భిణులు కూడా చేతి తిమ్మిరిని తేలిగ్గా తీసుకోకూడదు. మధుమేహంతో వేళ్ల స్పర్శ తగ్గినవారు వాయించిన ప్రతిసారీ కొసలను చూసుకోవాలి. నొప్పి తెలియకుండానే బొబ్బ పుండు కావొచ్చు.

మొదటి బాణీకి రెండు నెలలు గడువు పెట్టుకోండి. నిమిషం నిడివి చాలు. పూర్తయ్యాక దానికో పేరు పెట్టి, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి వినిపించండి. మర్నాడు పొద్దున లేచాక చేతులు తేలిగ్గా ఉంటే, రెండో బాణీ మొదలుపెట్టొచ్చు.