కత చెప్పే గొంతు వేరే, బతుకు చదివే గొంతు వేరే

ఆడియో పుస్తకం అంటే మా పడమటి మండలాల్లో ఇంకా చానామంది మూతి ముడుస్తారు. చదివే ఓపిక లేనోళ్ళు చెవిలో పెట్టుకొని వింటారనేది వాళ్ళ లెక్క. నేను ఆ మాట ఒప్పుకోను. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో పుస్తకం తెరిస్తే నాలుగు పేజీలకే కండ్లు తిరుగుతాయి. కుప్పంలో తెల్లారే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయే పిలకాయలకు నిలబడే తావు దొరికితే అదే గొప్ప. టమోటా కోసే మనిషికి చేతులు ఖాళీగా ఉండవు, చెవులు మాత్రం ఖాళీనే. కండ్లు కనపడనోళ్ళకు, అక్షరం రాని ముసిలోళ్ళకు అయితే చెవి తప్ప పుస్తకానికి వేరే దోవే లేదు. అసలు మాట్లాడే పుస్తకాలు మొదలైందే చూపు లేనోళ్ళ కోసం. 1930లలో అమెరికాలో, ఇంగ్లండులో గ్రామఫోను రికార్డుల మీద వాళ్ళ కోసం పుస్తకాలు చదివి పెట్టినారు.

కాబట్టి వినాల్నా చదవాల్నా అనేది కాదు నా పంచాయితీ. ఎవరు చదవాల, ఎట్ట చదవాల అనేది. కొన్నేండ్లుగా కతలు, నవలలు, జీవితచరిత్రలు వింటా వస్తా ఉండా. విన్నంతలో నాకు తెలిసింది ఏమంటే, కతకు కుదిరిన గొంతు జీవితచరిత్రకు కుదరదు. మన యాసలో రాసిన పుస్తకాన్ని మన గొంతు చదవకపోతే అది మన పుస్తకం మాదిరే వినపడదు.

కతకు భాగవతారు కావాల

వినడం మనకు కొత్త కాదు. ధర్మరాజుల గుడి ఉండే ఊర్లల్లో పద్దెనిమిది దినాలు భారతం జరిపిస్తారు. పగలు భాగవతారు హరికత చెప్తాడు. రాత్రికి వీధినాటకం ఆడతారు. ఒకే కత, రెండు రకాలుగా. నాటకంలో కిరీటం, భుజకీర్తులు, మొగానికి రంగు, అన్నీ ఉంటాయి. దుర్యోధనుడు దుర్యోధనుడి మాదిరే ఎగురుతాడు. పగలు చెప్పే భాగవతారుకు ఆ సామాను ఏదీ లేదు. ఒక్క మనిషే ద్రౌపది, ఆయప్పే దుశ్శాసనుడు. ద్రౌపది మాట చెప్పేటప్పుడు ఆయప్ప ఆడగొంతు పెట్టడు. గొంతు కొంచిం తగ్గిస్తాడు, ఒక్క క్షణం ఆగుతాడు, అంతే. మనకు ద్రౌపది అగుపడతాది.

కతలు, నవలలు చదివేటోళ్ళు ఈ భాగవతారును చూసి నేర్చుకోవాల. ఇప్పుడు వచ్చే రికార్డింగుల్లో నేను విన్న తప్పు ఎక్కువ భాగం ఈడనే ఉండాది. ఆడమనిషి మాట వస్తే గొంతు సన్నం చేస్తారు. ముసిలోడు వస్తే దగ్గు చేరుస్తారు. పిలకాయలు వస్తే కీచుమంటారు. పది నిమిషాలు నవ్వుగా ఉంటాది. ఎనిమిది గంటల నవలలో అది తలనొప్పి. ఇంకొందరు దానికి సరిగ్గా ఎదురు. వార్తలు చదివినట్టు చదువుకుంటా పోతారు. బిడ్డ సచ్చిపోయినా, వాన కురిసినా ఒకటే రాగం. రెంటికీ నడిమిన ఉండే దోవ దొరికినోళ్ళు తక్కువ. దాసుభాషితం యాప్‌లో కొండూరు తులసీదాస్ గారి గొంతు వింటే ఆ దోవ ఎట్టుంటాదో తెలస్తాది. ఆయన గొంతు పుస్తకం ముందర నిలబడదు, పక్కన నడస్తాది.

యాస వచ్చేటప్పటికి కష్టం ఇంకా పెరగతాది. మన ప్రాంతం కతలనే తీసుకోండి. మధురాంతకం రాజారాం గారు దామలచెరువు మనిషి, ఆయన కతలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన కత చెప్పే భాష మామూలు తెలుగే, మనుషులు నోరు తెరిస్తే మన ఊరు వినపడతాది. అంటే చదివేటోడికి రెండు నడకలు రావాల. నామిని సుబ్రమణ్యం నాయుడు గారి ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ అట్ట కాదు. మొదటి మాట నుంచి కడా మాట దాకా యాసే. దాన్ని పైపైన అంటించను కుదరదు. ఆ యాసలో నిద్ర లేచి, ఆ యాసలో తిట్లు తిన్న మనిషే చదవాల.

బయటోళ్ళు మన యాస చదవాలంటే వాళ్ళకు తెలిసింది సినిమా యాసే. 1999లో ‘సమరసింహా రెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చినప్పుడు సీమ మాట అంటే తొడ గొట్టి అరిసే మాట అయిపాయ. 2021లో ‘పుష్ప’ వచ్చినాక చిత్తూరు మాట అంటే భుజం ఎత్తి మాట్లాడేది అనుకుంటా ఉండారు. సినిమాను తప్పు పట్టడం లేదు, దాని పని అది చేసుకున్నింది. అయితే పుంగనూరు సంతలో ఆవును బేరం చేసే తాత, కుప్పంలో గంగమ్మకు పొంగలి పెట్టే అవ్వ ఎర్రచందనం దుంగలు మోసేటోడి మాదిరి మాట్లాడరు కదా! “ఏమ్మే, సంగటి కెలికినావా?” అనే మాటలో కోపం ఉండొచ్చు, ఆకలి ఉండొచ్చు, ముద్దు కూడా ఉండొచ్చు. సినిమా చూసి యాస నేర్చుకున్నోళ్ళు మూడింటినీ ఒకటే ఉరుము చేస్తారు.

ఇంకొందరు యాసను సరిచేస్తారు. పుస్తకంలో “వొచ్చినాడు” అని ఉంటే “వచ్చాడు” అని చదవతారు. “యాడికి” అని ఉంటే “ఎక్కడికి”. ఇది ఉచ్చారణ లోపం కాదు, రాసినాయన ఒప్పుకోకుండా పుస్తకాన్ని దిద్దడం. మాటలకు అర్థాలు కూడా మారతాయి. మనకు వాకిలి అంటే తలుపు, తూర్పు జిల్లాల్లో వాకిలి అంటే ఇంటి ముందర జాగా. “వాకిలి మూసి పడుకున్నాడు” అనే దాన్ని ఆ మనిషి అర్థం కాకుండానే చదివేస్తే ఆ అయోమయం గొంతులో దొరికిపోతాది.

మన లోపల మనకే తేడాలు ఉండాయి. మదనపల్లె మాటకు కడప, అనంతపురం గాలి తగులుతాది. పుంగనూరు దాటితే కన్నడం కలస్తాది, డబ్బులు దుడ్లు అవతాయి. కుప్పంలో ఒకే మనిషి అంగట్లో తెలుగు, రైల్లో అరవం, పనికాడ కన్నడం మాట్లాడతాడు. ఆ మూడూ కలిసిన తెలుగును ఎక్కడా రికార్డు చేసి పెట్టకపోతే, రేపు మన పిలకాయలు అది తప్పుడు తెలుగనుకొని సిగ్గుపడతారు. నాకు దిగులు ఈడనే.

జీవితచరిత్రకు ఉత్తరం చదివే మనిషి కావాల

మన తట్టు నుంచి కువైటుకు పోయినోళ్ళు నిండా మంది. ఫోన్లు లేని కాలంలో ఉత్తరం వస్తే, చదువు రాని తల్లి చదువు వచ్చినోడి దగ్గరికి తీసుకొని పోయేది. మంచిగా చదివేటోడు ఎట్ట చదివేటోడు? తాను ఏడ్చేటోడు కాదు. గొంతు పెంచేటోడు కాదు. ఒక్కో మాట తేటగా చదివి, తల్లి మొగం చూసి, ఆగాల్సిన తావ ఆగేటోడు. ఏడ్చాలంటే ఆయమ్మే ఏడ్చుకునేది.

జీవితచరిత్రలు, ఆత్మకతలు అట్ట చదవాల. ఆ బతుకు బతికింది ఇంకొకరు. చదివేటోడు మధ్యలో దూరకూడదు. టంగుటూరి ప్రకాశం గారి ‘నా జీవిత యాత్ర’ చదవతా, ఆంధ్రకేసరి అనే బిరుదుంది కదా అని ప్రతి వాక్యానికీ గర్జిస్తే ఎట్ట? ప్లీడరు పని, అప్పులు, ఇంటి కష్టం చెప్పుకునే తావ ఆ మనిషి మామూలుగానే మాట్లాడతాడు. అబ్దుల్ కలాం గారి ఆత్మకతను వాడ్రేవు చినవీరభద్రుడు గారు ‘ఒక విజేత ఆత్మకథ’ అని తెలుగు చేసినారు. అట్టాంటి పుస్తకానికి చదివేటోళ్ళు వెనక వీణ, పిల్లనగ్రోవి పెడితే నాకు గిట్టదు. యాడ బాధపడాల్నో సంగీతం చెప్పాల్సిన పని లేదు.

జీవితచరిత్రలో ఇంకో పని ఉండాది. తేదీలు, ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు. కంటితో చదివేటప్పుడు వెనక్కి తిప్పి చూసుకుంటాం. చెవికి ఆ వసతి తక్కువ. సంవత్సరం వచ్చిన తావ కొంచిం నిదానించాల, కొత్త పేరు మొదటిసారి విడగొట్టి చెప్పాల. అట్ట చదివితే కొంచిం వేగం పెంచుకొని విన్నా ఇబ్బంది లేదు. కతను మాత్రం వేగం పెంచి వినొద్దండి. కతలో ఆగేది కూడా కతే.

ఇంకో రకం ఉండాది, చదవడం కాదు, చెప్పడం. కౌముది నడిపే కిరణ్ ప్రభ గారు టాక్ షోల్లో ఎందరి జీవితాలో భాగాలు భాగాలుగా చెప్పినారు. పది పుస్తకాలు వెతికి తన మాటల్లో కూర్చోబెట్టి చెప్తారు. నేను ఇష్టంగా వింటా. అయితే అది పుస్తకానికి బదులు కాదు. ఆడ మనం వినేది చెప్పే మనిషి ఏరి పెట్టిన బతుకు, పుస్తకంలో ఉండేది రాసిన మనిషి మాట. రెండూ వేరే అని తెలిసి వింటే రెంటితోనూ లాభమే.

మదనపల్లెలో పుట్టిన గొంతు ఒకటి

గొంతు గురించి మాట్లాడతా జిడ్డు కృష్ణమూర్తి గారిని వదిలిపెట్టను కుదరదు. 1895లో మదనపల్లెలో పుట్టినాడు. 1909లో మద్రాసు అడయారుకు చేరినాడు, దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు చేరదీసి ఇంగ్లండుకు పంపించినారు. ఆడ పెరిగి తెలుగు మర్చిపోయినాడు. ఆయన మాట్లాడింది వందల గంటల రికార్డింగులుగా లోకమంతా దొరకతాది, అదంతా ఇంగ్లీషే. మేరీ లుట్యెన్స్ 1975లో మొదలుపెట్టి మూడు సంపుటాల జీవితచరిత్ర రాసింది. పుపుల్ జయకర్ రాసింది 1986లో వచ్చింది. అనుమతి తీసుకొని ఆ బతుకును తెలుగు చేసి, మదనపల్లె మనిషి ఒకరు తేటగా చదివితే ఎట్టుంటాది? ఊరు మర్చిపోయిన మాటలో ఊరి బిడ్డ బతుకు వినొచ్చు.

మిషను గొంతులు కూడా వచ్చేసినాయి. నిమిషంలో పుస్తకమంతా చదివేస్తాయి. కరెంటు బిల్లు, దినపత్రిక చదివించుకునేదానికి, ముఖ్యంగా చూపు లేనోళ్ళకు, అవి పెద్ద ఆసరా. వాటిని ఎగతాళి చేయను. కానీ ఆ మిషను నేర్చుకునేది మనం రికార్డు చేసి పెట్టిన మాటల నుంచే. మన మాట ఆడ లేకపోతే అది మన కతను విజయవాడ వార్తల మాదిరే చదవతాది.

చేయాల్సింది ఏమి?

దుడ్లు పెద్దగా అక్కర్లేని పని ఇది. మన దేశంలో రాసినాయన పోయినాక అరవై ఏండ్లు దాటితే ఆ రచన మీద హక్కులు తీరిపోతాయి. కందుకూరి వీరేశలింగం (1919లో పోయినారు), ప్రకాశం (1957), శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి (1961), గోపీచంద్ (1962), వీళ్ళు తెలుగులో రాసి అచ్చేసినవి ఎవరైనా చదివి పెట్టొచ్చు. ఇంకొకరు కొత్తగా చేర్చిన ముందుమాటలు మాత్రం వదిలేయాల. ఇప్పుడుండే రచయితలవి అయితే అడిగి అనుమతి తీసుకోవాల. చూపు లేనోళ్ళ కోసం, లాభం చూసుకోకుండా చేసే పుస్తకాలకు 2012 చట్ట సవరణ వీలు కల్పించింది.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉండాది. మదనపల్లెలో 1915లో పెట్టిన బీటీ కాలేజీ ఉండాది. తెలుగు చదివే పిలకాయలు ఆడ ఉండారు. ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క పుస్తకం చదివి పెట్టినా చాలు. నలభై ఎనిమిది వేల మాటల పుస్తకం నిమిషానికి నూరు మాటల లెక్కన ఎనిమిది గంటలు. తప్పులు దిద్దుకోవడంతో కలిపి రెండింతలు, మూడింతలు పట్టొచ్చు. ఫ్యాను ఆపిన గది, కిటికీకి ఒక దుప్పటి, మంచి ఫోను ఉంటే మొదలుపెట్టొచ్చు. చదివే ముందర ఆ ఊరి మాట తెలిసిన పెద్దామెను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయమ్మ నవ్వకూడని తావ నవ్విందంటే, మీరు యాసను ఆడతా ఉండారని అర్థం. ఆయమ్మ “ఊ” కొడతా ఉంటే, ఆపొద్దు, చదవండి.