ఊరంతా కలిసి లెక్క వేస్తేనే నీరు నిలుస్తుంది

ఏటా మార్చి వచ్చేసరికి రాయలసీమలో, పాలమూరులో, నల్లగొండలో చాలా పల్లెలకు ఒక చప్పుడు పరిచయమే. రాత్రంతా మోగే బోరు బండి చప్పుడు. పొలం గట్టున నిలబడిన కుటుంబం గొట్టంలోంచి వచ్చే దుమ్ము వైపే చూస్తూ ఉంటుంది. తడి కనబడితే దేవుడికి దండం పెడతారు. తెల్లని రాతి పొడి మాత్రమే వస్తుంటే, ఇంకో వంద అడుగులు దించమని చెబుతారు. ప్రతి అడుగూ అప్పే. తీరా నీళ్లు పడినా సంతోషం ఎంతోకాలం ఉండదు. కొన్నాళ్లకు పక్క చేనులోని బోరు ఒట్టిపోతుంది. ఆ రైతు మళ్లీ బండిని పిలుస్తాడు, ఇంకా లోతుకు దిగుతాడు.

ఈ పరుగులో చెడ్డవారెవరూ లేరు. ఎండుతున్న పంటను కాపాడుకోవాలన్న ఆరాటమే అందరిదీ. అయినా ఒక్కొక్కరు తమ మేలు కోసం చేసిన పని చివరికి ఊరందరికీ నష్టమవుతోంది. నీటి విషయంలోనే కాదు, కరెంటు విషయంలోనూ, గతి తప్పుతున్న వానల విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఒంటరిగా ఎవరూ గట్టెక్కలేని కష్టమిది. మరి కలిసికట్టుగా గట్టెక్కినవారు ఉన్నారా? ఉన్నారు. వారు ఏం చేశారో, ఎక్కడ తడబడ్డారో ఈ వారం చూద్దాం.

రాతి కింద ఉమ్మడి కుండ

భూమి కింద నది పారుతోందని, అదృష్టం ఉన్నవాడికి అది తగులుతుందని చాలామంది నమ్ముతారు. మన ప్రాంతంలో అధిక భాగం గట్టి రాతి నేల. పైన కొన్ని మీటర్ల మందాన శిథిలమైన పొర ఉంటుంది, దాని కింద రాతిలో పగుళ్లు ఉంటాయి. వాన నీరు ఇంకి నిలిచేది ఈ పొరలోనూ, ఈ పగుళ్లలోనూ మాత్రమే. అది కూడా కొద్దిగానే. నా పొలంలోని బోరూ, మీ పొలంలోని బోరూ ఒకే కుండకు పెట్టిన రెండు చిల్లులు. గట్టు పైనే ఉంటుంది, అడుగున గట్టు లేదు.

ఆ కుండలోకి ఏడాదికి ఎంత వస్తుందో ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4 వేల లీటర్లు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. ఇందులో పదో వంతు భూమిలోకి ఇంకిందనుకుందాం. అంటే 2.2 లక్షల లీటర్లు. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. ఎకరం వరికి పంటకాలంలో మొత్తం 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే అది 48 లక్షల లీటర్లు దాటుతుంది. బోరు కింద యాసంగిలో వేసిన ఒక ఎకరం వరి, ఇరవై రెండు ఎకరాల్లో ఇంకిన నీటిని తాగేస్తోందన్నమాట. ఆ ఇరవై రెండు ఎకరాలు ఎవరివి? ఊరందరివీ.

నీరు లోతుకు పోతే కరెంటు ఖర్చు కూడా పెరుగుతుంది. వెయ్యి లీటర్ల నీటిని 30 మీటర్ల నుంచి పైకి తేవడానికి కావలసిన శక్తి కంటే, 100 మీటర్ల నుంచి తేవడానికి మూడు రెట్లకు పైగా శక్తి కావాలి. రైతుకు కరెంటు ఉచితం కాబట్టి ఈ భారం అతనికి కనబడదు. ప్రభుత్వ ఖజానా మీద, బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాల మీద అది పడుతుంది. ఆ బొగ్గు పొగే వాతావరణాన్ని వేడెక్కిస్తోంది. వేడెక్కిన వాతావరణంలో వాన నాలుగు నెలలూ నెమ్మదిగా పడే బదులు కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిసి, ఇంకే లోపే వాగుల్లో కలిసిపోయే సందర్భాలు పెరుగుతున్నాయి. నీరు, కరెంటు, వాతావరణం మూడు వేర్వేరు శాఖల పనులుగా కాగితాల మీద కనబడతాయి. ఊళ్లో మాత్రం మూడూ ఒకే మోటారు దగ్గర కలుస్తాయి.

లెక్క తెలిసిన ఊళ్లు

ఈ లెక్కను నిపుణుల చేతి నుంచి రైతుల చేతికి మార్చిన ప్రయత్నం ఒకటి మన దగ్గరే జరిగింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ పథకం మొదలైంది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని ఆరు వందలకు పైగా గ్రామాల్లో అది నడిచింది.

అక్కడ ఎవరూ ఎవరినీ నిషేధించలేదు, జరిమానా వేయలేదు. చేసింది కొలవడం. ఊళ్లో వర్షమాపకం పెట్టారు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకొకసారి నీటి మట్టం కొలిచారు. మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో డ్రమ్ము, గడియారం పెట్టి చూశారు. చదువు అంతగా లేని ఆడవారూ, మగవారూ ఈ కొలతలు నేర్చుకున్నారు. యాసంగికి ముందు, ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని రైతులంతా కూర్చుని ఈ ఏడాది ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, వేయాలనుకుంటున్న పంటలకు ఎంత కావాలి అని గోడ మీద లెక్క రాశారు. లోటు కనబడితే ఏ పంట వేయాలన్నది ఎవరికి వారే తేల్చుకున్నారు. చాలామంది వరి తగ్గించారు, తక్కువ నీటి పంటల వైపు మళ్లారు. ప్రపంచ బ్యాంకు 2010లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, నూటికి నలభైకి పైగా పరీవాహక ప్రాంతాల్లో యాసంగి నీటి తోడకం వరుసగా తగ్గింది, మరో సగం చోట్ల అప్పుడప్పుడు తగ్గింది.

మహారాష్ట్రలోని హివరే బజార్ ఇంకో అడుగు ముందుకు వేసింది. వానలు అంతంత మాత్రంగా పడే ఆ ఊళ్లో 1990ల మొదటి నుంచి గ్రామసభే నీటి పెత్తనం చేస్తోంది. పోపట్‌రావు పవార్ సర్పంచిగా ఉండగా కందకాలు తవ్వారు, కొండపై చెట్లు నరకడం, విచ్చలవిడి మేత మానేశారు, సేద్యానికి బోర్లు వేయకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు, ఎక్కువ నీరు తాగే చెరకు, అరటి వద్దనుకున్నారు. ఏటా వాన కొలిచి, ముందు తాగునీటికీ పశువులకూ పక్కన పెట్టి, మిగిలిన దాన్ని బట్టి పంటలు తేల్చుకుంటారు. పని కోసం పట్నాలకు వలస పోయిన కుటుంబాలు ఎన్నో తిరిగి వచ్చాయి.

కరెంటులోనూ ఉమ్మడి ఉంది

ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటార్లు ఉన్నాయనుకుందాం. వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలిపోతుంటాయి. ప్రతి మోటారుకూ కెపాసిటర్ బిగిస్తే పరిస్థితి మెరుగవుతుంది. దాని ఖర్చు మోటారు వైండింగ్ ఖర్చులో కొంతే. కానీ ఒక్కరు బిగిస్తే పెద్దగా తేడా ఉండదు, అందరూ బిగించాలి. అలాగే కరెంటు రాగానే దానంతట అదే మోటారును నడిపే ఆటోమేటిక్ స్టార్టర్లు అందరికీ ఉంటే, ఇరవై మోటార్లూ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం మోపుతాయి. వంతులు పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. లైన్‌మన్ కోసం ఎదురుచూసే ముందు రైతులు ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవలసిన విషయమిది.

సోలార్ మోటారు ఉంటే చాలు కదా అని కొందరంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎండ ఉన్నంతసేపూ ఖర్చు లేకుండా తోడవచ్చు కాబట్టి, ఆ మోటారు కుండను ఇంకా త్వరగా ఖాళీ చేయగలదు. గుజరాత్ ఖేడా జిల్లాలోని ఢుండి గ్రామంలో కొందరు రైతులు 2016లో సహకార సంఘంగా ఏర్పడి దీనికొక దారి చూపారు. సోలార్ పంపులతో తమ పొలం తడుపుకున్నాక, మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మే ఒప్పందం చేసుకున్నారు. మోటారు ఆపితే డబ్బు వస్తుంది. అంటే నీటిని మిగల్చడమే ఒక ఆదాయమైంది.

తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లాలో ఓడంతురై పంచాయతీ 2006లో సుమారు కోటీ 55 లక్షల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. చాలా భాగం బ్యాంకు అప్పే. ఊరి తాగునీటి పంపులకు, వీధి దీపాలకు కావలసినంత పోగా మిగిలిన కరెంటును విద్యుత్ బోర్డుకు ఇచ్చి ఆ అప్పు తీర్చుకుంది. పెద్ద కంపెనీలకే సాధ్యమనుకున్న పని ఒక పంచాయతీ చేసి చూపింది.

ఎక్కడ తెగిపోతుంది?

ఇంత మంచి ఉదాహరణలు ఉండగా ప్రతి ఊరూ ఎందుకు మారలేదు? నిజాయితీగా చెప్పుకోవాలి. మన జిల్లాల్లో నడిచిన ఆ భూగర్భ జలాల పథకం ముగిశాక, చాలా ఊళ్లలో కొలతలు నెమ్మదిగా ఆగిపోయాయి. డబ్బుతో వచ్చిన అలవాటు డబ్బుతోనే వెళ్లిపోయింది. ఒకప్పుడు మన చెరువులకు నీరటి, నీరుగంటి ఉండేవారు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ముందు పారించాలో వారి పని. వారికి పంట రాగానే గింజల్లో వాటా ముట్టేది. అందుకే ఆ పని తరతరాలు నిలిచింది. కొలిచే మనిషికి ఊరే కూలి ఇవ్వకపోతే ఏ పథకమైనా మూన్నాళ్ల ముచ్చటే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. నీటి గురించి ఊరు కూర్చున్నప్పుడు ఎవరు కూర్చుంటారు? బోరున్నవారు కూర్చుంటారు. బోరు లేని రైతు, భూమి లేని కూలీ, ఎండాకాలంలో బిందె పట్టుకుని మైలు నడిచే మహిళ, ఊరి చివర కాలనీలో కొళాయి కోసం కాచుకునే కుటుంబం ఆ మాటల్లో ఉండరు. వారిని వదిలేసిన కట్టుబాటు బలవంతుల ఒప్పందమే అవుతుంది. 1972 నాటి కరవు తర్వాత మహారాష్ట్రలోని పుణె జిల్లాలో విలాస్‌రావు సాళుంఖే మొదలుపెట్టిన పానీ పంచాయతీ ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. ఉమ్మడిగా ఎత్తిపోసిన నీటిని భూమి ఎంత ఉందో చూసి కాకుండా, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి పంచారు. భూమి లేనివారికీ వాటా ఉంది. చెరకు వేయడానికి వీల్లేదు. అనంతపురం జిల్లాలోని కొన్ని గ్రామాల్లోనూ బోరున్నవారు, లేనివారు కలిసి పైపులైను వేసుకుని, కొత్త బోర్లు వేయబోమని మాట ఇచ్చుకుని, వాన మొహం చాటేసినప్పుడు అందరి మెట్ట పంటకూ ఒకటి రెండు తడులు ఇచ్చుకున్నారు. బోరున్నవాడు కొంత వదులుకున్నాడు. బదులుగా పక్కవాడు తన బోరుకు పోటీగా ఇంకోటి వేయడన్న భరోసా పొందాడు.

మనం ఎక్కడ మొదలుపెట్టాలి?

అధికారం లేదని సర్దిచెప్పుకోనక్కరలేదు. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. చిన్న తరహా నీటిపారుదల, వాటర్‌షెడ్ అభివృద్ధి, తాగునీరు, సంప్రదాయేతర ఇంధన వనరులు అందులో ఉన్నవే. బోర్ల మధ్య దూరం, వాటి నమోదు గురించి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. కొరవడింది కూర్చునే ఓపిక.

మొదటి పని చిన్నది. బడి ఆవరణలో ఒక వర్షమాపకం పెట్టి, రోజూ పొద్దున పిల్లల చేత రాయించడం. రెండోది, ఊరికి నాలుగు మూలలా నాలుగు బోర్లు ఎంచుకుని నెలకు రెండుసార్లు నీటి మట్టం కొలవడం. మూడోది, ఆ అంకెలను అందరికీ కనబడేలా పంచాయతీ గోడపై రాయడం. నాలుగోది, యాసంగి విత్తనాలు కొనక ముందే అక్టోబరులో గ్రామసభ పెట్టి, ముందు తాగునీటిని పక్కన తీసి, మిగిలిన నీటికి తగ్గ పంట మాట్లాడుకోవడం. ఆ సభలో బోరు లేనివారూ, మహిళలూ సగమైనా ఉండేలా చూడాలి. కొలిచే మనిషికి ఇంటికింత అని ఊరే ఇవ్వాలి. ఇవి కుదిరాక చెరువు పూడిక, ట్రాన్స్‌ఫార్మర్ కింద కెపాసిటర్లు, బడి పైకప్పు మీద సోలార్ పలకలు ఒక్కొక్కటిగా వస్తాయి. పట్నంలో ఉండే మనకూ ఇదే వర్తిస్తుంది. అపార్టుమెంటులో ఇంకుడు గుంత, ఉమ్మడి సోలార్ మీటరు, ట్యాంకర్ల లెక్క కూడా పది ఇళ్లు కూర్చుంటేనే తేలేవి.

ఇవన్నీ చేస్తే కరవు రాదని మేము చెప్పడం లేదు. వాన మన చేతిలో లేదు. కానీ కరవు వచ్చిన ఏడాది ఊళ్లో ఎవరి బోరు ముందు ఎండాలన్నది, ఎవరి బిందె ఖాళీగా తిరిగి రావాలన్నది అదృష్టానికో, అప్పుకో వదిలేయకుండా ఉండటం మన చేతిలో ఉంది. ఈసారి మీ ఊళ్లో బోరు బండి చప్పుడు వినబడితే, అప్పు చేసి దాన్ని పిలిపించిన ఇంటికి వెళ్లి కూర్చోండి. అతని పక్క రైతును కూడా పిలవండి. ఆ ఇద్దరి మధ్య జరిగే మాటతోనే ఊరి లెక్క మొదలవుతుంది.