బగ్‌ సర్వర్‌ కట్టండి.. చెరిపేసి మళ్లీ కట్టండి!

‘లైనక్స్‌, గిట్‌, అన్సిబుల్‌ వచ్చు’ అని రెజ్యూమెలో రాయడం తేలికే. ‘వాటితో ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి ఏదైనా ఉండాలి కదా! డెవాప్స్‌ కొలువు కోరుకునే ఫ్రెషర్లకు సొంత బగ్‌ రిపోర్ట్‌ సర్వర్‌ చక్కటి మినీ ప్రాజెక్టు. వెబ్‌ సర్వర్‌, డేటాబేస్‌, బ్యాకప్‌, భద్రత.. అన్నీ ఇందులోనే తగులుతాయి.

ఏమేం కావాలి?

సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పుల్ని నమోదు చేసి, ఎవరు సరిచేస్తున్నారో చూపేదే బగ్‌ ట్రాకర్‌. 1998లో మొజిల్లా తెచ్చిన బగ్‌జిల్లా వీటిలో పాతది. నేర్చుకునేవారికి మాంటిస్‌ బీటీ తేలిక. ఇది ఓపెన్‌ సోర్స్‌; పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్‌ వేసి, అందులో ఉబుంటు సర్వర్‌ పెట్టుకుంటే చాలు. విండోస్‌ వాడేవారు అన్సిబుల్‌ను డబ్ల్యూఎస్‌ఎల్‌లో నడపాలి. సర్వర్‌తో అది ఎస్‌ఎస్‌హెచ్‌ ద్వారానే మాట్లాడుతుంది.

ప్లేబుక్‌లో ఏముండాలి?

* అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేస్‌ ఇన్‌స్టలేషన్‌
* మాంటిస్‌ ఫైళ్లు, కాన్ఫిగ్‌ ఫైలు
* రోజువారీ డేటాబేస్‌ బ్యాకప్‌. కాపీ సర్వర్‌ బయట ఉండాలి.
* పాస్‌వర్డ్‌లు అన్సిబుల్‌ వాల్ట్‌లో. గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టొద్దు.

మాంటిస్‌ వేయగానే వచ్చే ‘అడ్మినిస్ట్రేటర్‌’ ఖాతా పాస్‌వర్డ్‌ ‘రూట్‌’. ఇది అందరికీ తెలిసిందే, వెంటనే మార్చేయండి. ఇన్‌స్టలేషన్‌ పూర్తయ్యాక ‘అడ్మిన్‌’ ఫోల్డర్‌నూ తీసేయాలి.

అసలు చిక్కు ఇక్కడే

మాంటిస్‌ టేబుళ్లు మొదటిసారి బ్రౌజర్‌లోని ఇన్‌స్టాలర్‌ ద్వారా తయారవుతాయి. ఒకసారి అలా చేసి, మైఎస్‌క్యూఎల్‌ డంప్‌ తీసి, ప్లేబుక్‌తో దాన్నే ఎక్కించవచ్చు. అయితే డంప్‌లో పాత టేబుళ్లను తొలగించే ఆదేశాలు మామూలుగానే ఉంటాయి. ప్లేబుక్‌ రెండోసారి నడిపితే ఈలోగా నమోదైన బగ్‌లన్నీ పోతాయి! అందుకే డేటాబేస్‌ కొత్తగా తయారైనప్పుడు మాత్రమే డంప్‌ ఎక్కేలా షరతు పెట్టాలి. ప్లేబుక్‌ను ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారకపోవడాన్నే ‘ఐడెంపొటెన్సీ’ అంటారు. ఈ పదానికి నిర్వచనం అప్పజెప్పడం కంటే ఈ ఉదాహరణ చెబితే మీకు పని తెలుసని అర్థమవుతుంది.

ఇలా పరీక్షించుకోండి

పది బగ్‌లు నమోదు చేయండి. ప్లేబుక్‌ మళ్లీ నడపండి. చివర్లో ‘చేంజ్‌డ్‌’ దగ్గర 0 రావాలి, పదీ అలాగే ఉండాలి. తర్వాత బ్యాకప్‌ తీసి, వర్చువల్‌ మెషీన్‌ను తొలగించండి. కొత్త మెషీన్‌పై ఆ బ్యాకప్‌తోనే ప్లేబుక్‌ నడపండి. పది బగ్‌లూ తిరిగొస్తే ప్రాజెక్టు పూర్తయినట్లే. ఎన్ని నిమిషాలు పట్టిందో రీడ్‌మీ ఫైల్లో, రెజ్యూమెలో రాసుకోండి.