జమ ఎడమ పక్కనే... డెబిట్ కూడా ఎడమ పక్కనే!

పద్దు రాయడం మన పల్లెలకు కొత్త విద్య కాదు. ధాన్యం కమీషను కొట్లో, ఎరువుల దుకాణంలో, రొయ్యల మేత అమ్మేచోట చిట్టా, ఆవర్జా రాసి పండిన చేతులు ఊరూరా ఉన్నాయి. అదే ఊరి నుంచి బి.కాం. ప్యాసయి, ఎగుమతి కంపెనీలోనో, హైదరాబాదులోని అకౌంట్ల ఆఫీసులోనో ఉద్యోగానికి వెళ్లిన పిల్లలు మాత్రం ఇంగ్లీషు పరీక్ష దగ్గర తడబడుతున్నారు. వారికి లెక్క రాక కాదు, ఆ లెక్కకు ఇంగ్లీషువారు పెట్టిన పేర్లు ఒంటబట్టక.

వ్యాపార ఇంగ్లీషుకు ప్రత్యేకంగా పరీక్షలున్నాయి. 1979లో జపాన్‌లో మొదలైన టోయిక్ వాటిలో ఒకటి. వినడానికి 100 ప్రశ్నలు, చదవడానికి 100, మొత్తం రెండు గంటలు, 990 మార్కులు. కేంబ్రిడ్జి వారి బులాట్స్ అనే పరీక్ష 2019తో ముగిసింది గనుక పాత గైడుల్లో ఆ పేరు చూసి డబ్బు పోయవద్దు. ఈ పరీక్షలు అకౌంట్లు వేయమని అడగవు. బిల్లు, ఉత్తరం, నోటీసు చూపించి అందులో ఏముందో చెప్పమంటాయి. అక్కడే మాట తెలిసి ఉండాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు డెబిట్, క్రెడిట్‌ల దగ్గరే. సుబ్బయ్య అనే ఖాతాదారు పాత బాకీ కింద రూ.10,000 తెచ్చి ఇచ్చాడనుకుందాం. మన చిట్టాలో ఎడమ పక్క ‘సుబ్బయ్య ఖాతాకు జమ’ అని రాస్తాం. ఇంగ్లీషు పద్ధతి నగదు పుస్తకంలో కూడా ఆ పదివేలు ఎడమ పక్కకే వస్తాయి. కాని ఆ పక్కకు పేరు డెబిట్! జమ అంటే క్రెడిట్ అని బట్టీపట్టిన విద్యార్థి ఇక్కడ బోల్తా పడతాడు.

ఆలోచిస్తే ఇందులో వైరుధ్యం లేదు. మన చిట్టా సుబ్బయ్య వైపు నుంచి మాట్లాడుతుంది, అతని ఖాతాకు జమ పడింది అంటుంది. ఇంగ్లీషు నగదు పుస్తకం డబ్బు పెట్టె వైపు నుంచి మాట్లాడుతుంది, పెట్టె పుచ్చుకుంది గనుక డెబిట్ అంటుంది. ఆవర్జాలో సుబ్బయ్య ఖాతా తెరిస్తే అక్కడ క్రెడిట్టే కనిపిస్తుంది. బ్యాంకు పాసుబుక్కు సంగతీ ఇంతే. మనం వేసిన సొమ్ము బ్యాంకు మనకు ఇవ్వవలసిన అప్పు. అందుకే దాన్ని బ్యాంకు క్రెడిట్ అని రాస్తుంది. ‘ఎవరి పుస్తకం?’ అని ముందు అడిగితే సగం తికమక తీరిపోతుంది. ఇంటర్ తెలుగు మీడియంలో జంటపద్దు విధానం, అంకణా చదివినవారికి ఈ విషయం చప్పున అందుతుంది. తెలుగులో చదివాం అని వారు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

ఇక రెండు ముఖాల మాటలు. ప్రొవిజన్ అంటే మనకు కిరాణా సరుకు. అకౌంట్లలో రాని బాకీల వంటి వాటికోసం ముందుగా చేసిపెట్టే ఏర్పాటు. అవుట్‌స్టాండింగ్ అంటే బడి మాస్టారు మెచ్చుకోలు, బ్యాంకులో మాత్రం ఇంకా చెల్లించని బాకీ! ఇంట్రెస్ట్ అంటే ఆసక్తి కూడా, వడ్డీ కూడా. కరెంట్ అసెట్స్‌కూ వీధి దీపానికీ సంబంధం లేదు, సాధారణంగా ఏడాదిలోపు సొమ్ముగా మారే ఆస్తులవి. పైగా పాఠ్యపుస్తకంలో సండ్రీ డెటర్స్ అని చదివినవారికి 2013 కంపెనీల చట్టం ప్రకారం వేసే లెక్కల్లో ట్రేడ్ రిసీవబుల్స్ కనిపిస్తాయి. వస్తువు ఒకటే, పేరు మారింది. మనం స్టాకు అనే సరుకును అమెరికా వారు ఇన్వెంటరీ అంటారు. వారికి స్టాక్ అంటే కంపెనీ వాటా.

వినే పరీక్షలో చెవి మోసం చేస్తుంది. అప్పు అనే అర్థంలో వచ్చే మాటను డెట్ అనాలి, రాతలో ‘బి’ ఉన్నా పలకరు. డెబిట్‌లో పలుకుతారు. రిసీట్‌లో ‘పి’ రాతకే పరిమితం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ పక్కపక్కన వినిపిస్తే మార్కు పోయినట్టే. అంకెల్లో ఇంకో తంటా ఉంది. మన పన్నెండున్నర లక్షలు 12,50,000. అక్కడ అదే 1,250,000. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. కంపెనీ పట్టీలో అంకెకు అటూ ఇటూ బ్రాకెట్లు పెడితే అది సాధారణంగా తీసివేత. లాభం గడిలో అలా కనిపిస్తే నష్టమని అర్థం.

పరీక్ష రాయనివారు కూడా తెలుసుకోవలసిన మాట ఒకటి ఉంది: రైట్ ఆఫ్. బ్యాంకులు ఇన్ని కోట్లు రైట్ ఆఫ్ చేశాయని వార్త రాగానే ‘మన అప్పూ పోయిందట’ అని అరుగు మీద మాట పుడుతుంది. అది మాఫీ కాదు. మాఫీకి ఇంగ్లీషులో వేవర్ అని వేరే మాట ఉంది. రైట్ ఆఫ్ అంటే వసూలు కాని బాకీని బ్యాంకు తన పట్టీలోంచి తీసివేయడం. టెక్నికల్ రైట్ ఆఫ్‌లో అప్పు తీసుకున్నవారిపై బ్యాంకు హక్కు వదులుకోదని రిజర్వు బ్యాంకు 2023 జూన్ ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. ఈ తేడా తెలియక కిస్తీలు ఆపేసిన కుటుంబంపై వడ్డీ పేరుకుపోతుంది, నోటీసులూ వస్తాయి. ఇంట్లో బి.కాం. పిల్ల ఉంటే ఈ ఒక్క మాట పెద్దలకు విడమరచి చెప్పినా ఆ చదువు అక్కరకు వచ్చినట్టే.

నేర్చుకునేందుకు ఖరీదైన కోచింగే కావాలని లేదు. ఎరువుల కొట్టు జీఎస్టీ బిల్లు, పొదుపు సంఘం పుస్తకం, ఏదైనా కంపెనీ వార్షిక నివేదికలో రెండు పేజీలు చాలు. ఒక్కో మాటను విడిగా బట్టీపట్టకుండా పూర్తి వాక్యంలో రాసుకోవాలి. బాకీ వసూలు చేయడం, బిల్లు చెల్లించడం, నష్టం భరించడం, పుస్తకాలు సరిచూడడం - ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో ఏ క్రియ పడుతుందో చూసుకోవాలి. పేరుమాట తెలిసినా పక్కన క్రియ కుదరక పోగొట్టుకునే మార్కులే ఎక్కువ. రోజుకు అయిదు వాక్యాలు, సంఘం పుస్తకం రాసే అక్కను పక్కన కూర్చోబెట్టుకుని రాస్తే ఇంకా మంచిది. లెక్క ఆమె సరిచూస్తుంది, ఇంగ్లీషు మీరు చూసుకోవచ్చు.