గోదావరి కొలబద్ద - అడవి లెక్క

వర్షాకాలం వచ్చిందంటే ఖమ్మం మొదలుకొని భద్రాచలం దాకా ప్రతి ఇంటా వినిపించే ప్రశ్న ఒక్కటే: "గోదావరి ఎన్ని అడుగులున్నది?" ఆ ప్రశ్నకు సమాధానం కోసం ఎవరూ పెద్ద గ్రంథాలు తిరగవేయనవసరం లేదు. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఆ అంకె వినగానే లోతట్టు కాలనీలోని తల్లి బియ్యపు మూటను అటకమీదికి ఎక్కిస్తుంది. తండ్రి పశువులను మెరక ప్రాంతానికి తోలుకుపోతాడు. పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు, భూమి కాగితాలు ఒక సంచిలోకి చేరుతాయి.

1986 ఆగస్టులో ఆ కొలబద్ద 75.6 అడుగులు చూపింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నాడు వంతెనపై రాకపోకలు ఆగిపోయాయి, వేలాది కుటుంబాలు పునరావాస కేంద్రాలకు తరలిపోయాయి. ఇంత పెద్ద విపత్తులోనూ ప్రాణనష్టం పరిమితంగా ఉండడానికి ఒక ముఖ్య కారణం, ఆ కొలత నిజం చెప్పడం, జనులు దానిని నమ్మడం. పర్యావరణ రక్షణ విషయంలో ప్రభుత్వాలు చేస్తున్న పరిశోధనలను, తెస్తున్న విధానాలను ఈ కొలబద్ద పక్కన నిలిపి చూడాలన్నది మా ఉద్దేశం.

వాన స్వభావం మారుతున్నది

కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వాతావరణ మార్పుపై ఒక సమగ్ర నివేదికను వెలువరించింది. 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని అందులో తేల్చారు. మధ్య భారతంలో ఒకే రోజున 150 మిల్లీమీటర్లకు మించి కుండపోతగా కురిసే వానలు 1950-2015 మధ్యకాలంలో దాదాపు 75 శాతం పెరిగాయని కూడా ఆ నివేదిక చెబుతున్నది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. మోసిన దానిని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

ఈ సంగతి భద్రాచలానికి ఎందుకు ముఖ్యమో గ్రహించడం కష్టం కాదు. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ప్రాణహిత, ఇంద్రావతి నదులు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల నీటిని మోసుకొచ్చి ఎగువన కలుస్తాయి. దిగువన కూనవరం వద్ద శబరి కలుస్తుంది. శబరి ఉప్పొంగితే భద్రాచలం వద్ద వరద తీయడం ఆలస్యమవుతుంది. కనుక ఇక్కడి వరదకు ఇక్కడి అడవుల నరికివేత ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. అయితే కొండవాలున చెట్టు పోయినచోట వాన నీరు ఇంకకుండా మట్టిని వెంటబెట్టుకొని వాగులోకి దూకుతుందన్నది మాత్రం ప్రతి రైతుకూ తెలిసిన సత్యమే.

రాష్ట్ర విభజన తరువాత ఈ సమస్య మరింత చిక్కుబడింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. అడవి ఒక్కటే, నది ఒక్కటే, ఏలుబడులు రెండు. ప్రాజెక్టు వెనుక నీటి ప్రభావంపై ఉమ్మడి సర్వే జరగాలని తెలంగాణ కోరుతూ వస్తున్నది. నది ఒడ్డున నివసించేవారికి కావలసింది ఎవరి పక్షమూ వహించని లెక్క.

ఏది అడవి?

దెహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ రెండేళ్లకొకసారి దేశంలోని అడవులను ఉపగ్రహ చిత్రాల ద్వారా కొలుస్తుంది. 2021 నివేదిక ప్రకారం తెలంగాణలో అటవీ విస్తీర్ణం 21,214 చదరపు కిలోమీటర్లు. అంతకుముందు నివేదికతో పోల్చితే 632 చదరపు కిలోమీటర్లు ఎక్కువ. 2015 జూలైలో మొదలైన హరితహారం ఆశయం కూడా రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుండి 33 శాతానికి పెంచడమే. ఈ అంకెలు సంతోషకరమైనవే. కాని ఒక మెలిక ఉన్నది.

ఒక హెక్టారుకు తగ్గని నేలలో, పైనుండి చూసినప్పుడు కనీసం 10 శాతం చెట్ల నీడ కనిపిస్తే ఆ సర్వేలో అది అటవీ విస్తీర్ణమే. చెట్టు ఏ జాతిది, నేల ఎవరిది అన్న విచారణ ఉండదు. ఖమ్మం నుండి కొత్తగూడెం మీదుగా ప్రయాణించేవారికి రోడ్డుకు ఇరువైపులా బారులు తీరిన జామాయిల్ తోటలు కనిపిస్తాయి. సారపాక కాగితపు మిల్లు కోసం పెంచే ఈ కర్ర కొద్ది సంవత్సరాలలోనే కోతకు వస్తుంది. ఉపగ్రహపు కంటికి అదీ పచ్చదనమే, ఇప్ప, తునికి, మద్ది, వెదురు కలగలిసిన పాత అడవీ పచ్చదనమే.

జామాయిల్‌ను నిందించడం మా ఉద్దేశం కాదు. రాళ్ల నేలలో మరే పంటా పండని చిన్న రైతుకు అది అన్నం పెట్టింది. ఖమ్మం జిల్లాలో నిస్సారమైన సుమారు మూడువేల హెక్టార్లలో చెట్లు పెంచిన ఒక పథకం 2009లో ఐక్యరాజ్యసమితి కర్బన యంత్రాంగంలో నమోదైంది కూడా. అయితే జామాయిల్ తోటలో కోయ ఇల్లాలికి ఇప్పపువ్వు దొరకదు, తునికాకు దొరకదు, తేనెపట్టు దొరకదు. తోటను తోటగా, అడవిని అడవిగా వేర్వేరుగా లెక్కించి ప్రజల ముందుంచినప్పుడే విధానం సరైన దారిన నడుస్తుంది.

పోడు గాయం

ఈ లెక్కలన్నింటి నడుమ మనుషులున్నారు. 2005 డిసెంబరు 13 నాటికి అటవీభూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ ప్రారంభించింది. ఆలస్యమైనా అది న్యాయమే. కాని అంతకు ఏడు నెలల ముందు, 2022 నవంబరు 22న చండ్రుగొండ మండల అడవిలో నాటిన మొక్కలను కాపాడబోయిన ఒక అటవీ అధికారి పోడు వివాదంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇంటి దుఃఖాన్ని ఏ పథకమూ తీర్చలేదు. అటువైపు, ఛత్తీస్‌గఢ్ హింసకు ఇళ్లు వదిలి వచ్చిన గొత్తికోయలు ఇక్కడ ఏ కాగితమూ లేక, అడవి నడుమ భయంతో బతుకుతున్నారు. హద్దులు స్పష్టంగా గీయని చోట పేదవాడూ, కింది స్థాయి ఉద్యోగీ ఎదురెదురు నిలబడవలసి వస్తున్నది. హద్దు తేల్చవలసినవారు మాత్రం దూరంగా ఉంటారు.

మన తూకం మాటేమిటి?

తూకంలో హెచ్చుతగ్గులు చేయరాదని దివ్య ఖుర్‌ఆన్ పదే పదే హెచ్చరించింది. దుకాణంలోని త్రాసుకే ఆ ఆజ్ఞ పరిమితమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రభుత్వాన్ని సరైన లెక్క అడిగే ముందు మన లెక్క మనం చూసుకోవాలి.

ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనరాదని 1/70 చట్టం ఆంక్ష విధించింది. అయినా గిరిజనుని పేరు కాగితం మీద ఉంచి, భూమిని తమ అధీనంలో ఉంచుకునే పద్ధతి అన్ని వర్గాలలోనూ ఉన్నది, మనవారు అందుకు మినహాయింపు కారు. తన నేలను పోగొట్టుకున్న గిరిజనుడు ఇంకా లోపలి అడవికి వెళ్లి కొత్త పోడు కొడతాడు. అడవి నరికిన గొడ్డలి అతని చేతిలో ఉండవచ్చు, దానికి కారణమైన బేరం మాత్రం పట్టణంలో జరిగింది. ఇంటి తలుపు కోసం దొంగ టేకు చవకగా వస్తున్నదని కొన్నవారి లెక్క కూడా ఇదే ఖాతాలో చేరుతుంది. అలాంటి సంపాదన ధర్మసమ్మతం ఎలా అవుతుందో ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవాలి.

చేయదగిన మంచి కూడా ఎంతో ఉన్నది. నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవాని ఖాతాలో దానంగా జమ అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఈ వానాకాలం మన మస్జిదు ఆవరణలో, ఖబ్రస్తాన్ గట్టున వేప, కానుగ, నేరేడు నాటి, మూడు వేసవులు నీరు పోసే బాధ్యతను పిల్లలకు పేరుపేరునా అప్పగిద్దాం. వుజూ నీటిని కాలువపాలు చేయక ఆ మొక్కల పాదులకు మళ్లిద్దాం. గ్రామసభ జరిగిన రోజున వెళ్లి, మన ఊరి అడవి హద్దు ఎక్కడ, అందులో తోట ఎంత, అడవి ఎంత అని మర్యాదగా అడుగుదాం.

వచ్చే వరదనాడు కూడా మనం గోదావరి ఎన్ని అడుగులున్నదని అడుగుతాం, వచ్చిన సమాధానాన్ని నమ్మి పిల్లలను మెరకకు చేరుస్తాం. అడవి ఎన్ని ఎకరాలున్నదని అడిగినప్పుడు కూడా అంత నమ్మదగిన సమాధానం రావాలి. అది చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది, అడగవలసిన బాధ్యత మనది.