పేరున్న దుకాణం, నిండని గల్లాపెట్టె



ఇంటి ఖర్చుల పద్దు రాసుకునే మనకు ఒక సంగతి బాగా తెలుసు. నలుగురూ మెచ్చుకున్నంత మాత్రాన పాలవాడి బాకీ తీరదు. ఈరోజు చెప్పబోయేది అటువంటి లెక్కే. పారిస్ నగరంలో ఒక స్త్రీ నడిపిన పుస్తకాల దుకాణం లెక్క.

ఆమె పేరు సిల్వియా బీచ్, అమెరికా దేశస్థురాలు. పారిస్‌లో ఇంగ్లీషు పుస్తకాల షాపు పెట్టాలని ఆమె కోరిక. చేతిలో డబ్బు లేక తల్లికి తంతి ఇచ్చింది. ఆ తల్లి కూడబెట్టుకున్న డబ్బు పంపించింది. కూతురి పెళ్లికైతే ఇస్తారు గాని, పుస్తకాల కొట్టుకి ఎవరిస్తారమ్మా అనుకున్నాను నేను! 1919 నవంబరులో, అంతకుముందు లాండ్రీ ఉండిన చిన్న గదిలో ‘షేక్స్పియర్ అండ్ కంపెనీ’ మొదలైంది. 1921లో ఒదెయాన్ వీధికి మారింది.

ఆ రోజుల్లో పౌండ్లనూ డాలర్లనూ ఫ్రాంకుల్లోకి మార్చేసరికి ఇంగ్లీషు పుస్తకం ఖరీదు అందుబాటులో ఉండేది కాదు. అందుకని అమ్మకంతో పాటు చందా కట్టించుకుని పుస్తకాలు ఇంటికిచ్చే పద్ధతి పెట్టింది. మన వీధుల్లో అద్దె నవలల షాపులుండేవి చూడండి, ఇంచుమించు అలాగన్నమాట. హెమింగ్వే అప్పటికింకా పేరు రాని కుర్రవాడు. డిపాజిట్ కట్టడానికి జేబులో డబ్బు లేకపోతే, తరవాత ఇవ్వవచ్చులే అని పుస్తకాలు ఇచ్చి పంపింది.

1922లో ఇంకా పెద్ద సాహసం చేసింది. జేమ్స్ జాయిస్ రాసిన ‘యులిసెస్’ని అచ్చువేయడానికి ఇంగ్లండు, అమెరికాల్లో ఎవరూ ముందుకు రాకపోతే తానే వేసింది. ఆ పుస్తకంతో దుకాణం పేరు ఎక్కడెక్కడికో పాకింది. అయితే జాయిస్‌గారి చెయ్యి ధారాళం. ఆయన అవసరాలకు ఈ గల్లాపెట్టెలోంచే డబ్బు వెళుతూ ఉండేది. తీరా అమెరికా ప్రచురణకర్తలు పుస్తకాన్ని తీసుకున్నప్పుడు సిల్వియాకు దమ్మిడీ ముట్టలేదు.

ఇంతలో 1929 నాటి ఆర్థికమాంద్యం వచ్చింది. పారిస్‌లోని అమెరికన్లు చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. పుస్తకాల వ్యాపారంలో చిక్కేమిటంటే, సరుకుకు పెట్టిన డబ్బు అలమారల్లో నిద్రపోతూ ఉంటుంది, అద్దె మాత్రం నెల తిరగ్గానే మేలుకుంటుంది. వచ్చినవాళ్లు తిరగేసి, కబుర్లు చెప్పుకుని, సంతోషంగా వెళ్లిపోతారు.

మా పేటలో అద్దె పుస్తకాల షాపు మూసేసిన రోజున నేనూ ‘అయ్యో పాపం’ అన్నాను. అప్పటికి నేనక్కడ పుస్తకం తీసుకుని నాలుగేళ్లు. టీవీ సీరియళ్ల ధర్మమా అని ఆ గుమ్మమే తొక్కలేదు. ఆ షాపాయన దారిలో కనబడితే ఇప్పటికీ తలవంచుకునే వెళతాను.

1936లో సిల్వియా కూడా మూసేద్దామనే అనుకుంది. ఆ మాట విన్న రచయిత ఆండ్రే జీద్ ఊరుకోలేదు. స్నేహితులను కూడగట్టి ‘షేక్స్పియర్ అండ్ కంపెనీ మిత్రులు’ అని ఒక సంఘం పెట్టించాడు. సభ్యత్వం ఏడాదికి 200 ఫ్రాంకులు, రెండేళ్లు కట్టాలి. సభ్యులు 200 మందికి మించకూడదు, ఎందుకంటే ఆ గదిలో అంతకన్నా పట్టరు! అందరూ చేరితే ఏడాదికి 40,000 ఫ్రాంకులు. సభ్యులకు పాల్ వలేరీ, టి.ఎస్. ఇలియట్ వంటివారు తమ రచనలు చదివి వినిపించారు. నాకు నచ్చిందేమంటే, ఇది ముష్టీ కాదు, అప్పూ కాదు. డబ్బు ముందుగా చేతికందడంతో దుకాణం నిలదొక్కుకుంది.

చివరికి ఆ దుకాణం మూతపడింది అప్పులవల్ల కాదు. 1941 డిసెంబరులో జర్మన్ సైనికాధికారి ఒకడు అద్దాల్లో పెట్టిన జాయిస్ పుస్తకం అడిగాడు. అమ్మనంది. అంతా జప్తు చేస్తానని బెదిరించి వెళ్లాడు. రెండు గంటల్లో స్నేహితుల సాయంతో పుస్తకాలన్నీ పైఅంతస్తుకు చేర్చి, బోర్డు మీద పేరు కూడా చెరిపించేసింది. తరవాత ఆరునెలలు నిర్బంధంలో ఉంది. దుకాణం మళ్లీ తెరవలేదు. 1962లో కన్నుమూసింది.

జార్జ్ విట్‌మన్ అనే అమెరికన్ 1951లో పారిస్‌లోనే పెట్టిన మరో పుస్తకాల షాపుకు 1964లో ఈ పేరు పెట్టుకున్నాడు. కూతురికీ సిల్వియా అనే పేరు పెట్టాడు. 2020లో కరోనా వచ్చి అమ్మకాలు 80 శాతం పడిపోతే, ఆ అమ్మాయి దాపరికం లేకుండా పాఠకులకు ఉత్తరం రాసింది. మామూలుగా వారానికి ఓ వంద ఆర్డర్లు వచ్చేచోట ఆ వారం 5,000 వచ్చాయి. ‘మిత్రులు’ సంఘం కూడా మళ్లీ మొదలుపెట్టింది, ఆ పాత పేరుతోనే.