జాగ లేనోళ్ల జాబితా

ఇల్లు కావాలంటే జాగ ఏదని అడుగుతున్నారు. జాగ అడిగితే జాబితా చూసుకొమ్మంటున్నారు. జాబితా ఎవరు రాసిండ్రంటే కమిటీ అంటారు. ఆ కమిటీకి ఊరు ఓటు వేయలేదు. ముస్తాబాద్ మండలంలోనే కాదు, అటు జగిత్యాల, కోరుట్ల దాకా 2025లో దళితవాడలు పడ్డ చిక్కు ఇది. దీన్ని పథకం అమలులో లోపమని సరిపెట్టుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది. ఇల్లు ఎవరికివ్వాలో తేల్చే అధికారం ఎక్కడుంది? దళితులు ఆ కుర్చీ దాకా చేరేసరికి అది ఎటు పోతోంది? మేము ఇక్కడ చర్చించదలచుకున్నది ఇదే.

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఇంటికి 5 లక్షలు, పని సాగిన కొద్దీ విడతలుగా. మొదటి దశలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు. సొంత జాగ ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగ కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. మొదటి దశ ఎల్-1 వాళ్లకే. వినడానికి సబబుగానే ఉంటుంది, జాగ లేకుండా ఇల్లెట్లా కడతారని. కానీ వాడలో జాగ అంటే ఏమిటి? గ్రామకంఠంలో తాత కట్టిన గూనపెంకుల ఇల్లు. దాన్ని ముగ్గురు కొడుకులు గోడలు పెట్టి పంచుకున్నారు. పట్టా లేదు, ఇంటి పన్ను రశీదే దస్తావేజు. ముగ్గురిలో ఒకరికి ఇల్లు మంజూరైతే పాత గోడ కూల్చాలె. మిగతా ఇద్దరు ఏడికి పోవాలె? అందరికంటే ఎక్కువ అవసరమున్నవాళ్లు రెండో జాబితాకు జారిపోవడం ఈ పద్ధతిలోనే ఉంది. దానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు.

2023 ఆగస్టు 26న ప్రకటించిన చేవెళ్ల డిక్లరేషన్ ఇల్లు లేని ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇంటి స్థలంతో పాటు 6 లక్షలు ఇస్తామంది. చర్చంతా ఆ లక్ష రూపాయల తేడా మీద నడుస్తోంది. మా దృష్టిలో అందులో బరువైన మాట 'స్థలం'.

ఆ స్థలం సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. బంచరాయి, శిఖం, పోరంబోకు భూములు దొరల కింద ఉన్నాయని, వెట్టి పోవాలని కూలీ సంఘాలు లేచినందుకే 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఇంకా వెనక్కి పోతే, 1932లో ప్రత్యేక నియోజకవర్గాలు కోరిన అంబేద్కర్ ఉద్యమమే 1942 నాగపూర్ మహాసభలో అస్పృశ్యులకు ప్రభుత్వ బీడు భూముల్లో ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానం చేసింది. ఒకటి ఓటు, రెండోది జాగ. ఊరి అంచున, ఊరి దయ మీద బతికేవాడి ఓటు స్వేచ్ఛగా పడదని ఆయనకు తెలుసు. మనవాళ్లు మొదటిదాన్ని గుర్తుపెట్టుకున్నంతగా రెండోదాన్ని పెట్టుకోలేదు.

ఇక అధికారం సంగతి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను 11వ షెడ్యూలు లెక్కపెట్టింది. గ్రామీణ గృహనిర్మాణం అందులో పదోది. మన రాష్ట్రంలో 1994 చట్టం వచ్చింది, 1995లో ఎన్నికలు జరిగాయి, దళితులు, దళిత స్త్రీలు రిజర్వేషన్ మీద సర్పంచులయ్యారు. రెండేళ్లు కాకముందే, 1997 జనవరిలో, జన్మభూమి వచ్చింది. నోడల్ అధికారి, కమిటీలు పంచాయతీని పక్కకు నెట్టాయి. 2015 డబుల్ బెడ్‌రూం పథకం గ్రామాల్లో సగం ఇళ్లు ఎస్సీ, ఎస్టీలకని రాసుకుంది. మంచిదే. కానీ కట్టినంకనే గదా పంచేది! ఎక్కడ కట్టాలో తేల్చింది గ్రామసభ కాదు. సిరిసిల్ల పక్కన మండెపల్లిలో 1,320 ఇళ్ల కాలనీ 2021 జూలైలో ప్రారంభమైంది. అట్లాంటి కాలనీ రాని ఊళ్లలో ఆ సగం వాటా కాగితం మీదే మిగిలింది.

ఈసారి జరిగింది మరింత స్పష్టం. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1న ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో గానీ జరగలేదు. ఈ దాదాపు రెండేళ్లు ఊరిని నడిపింది ప్రత్యేకాధికారులు. ఇందిరమ్మ కమిటీలు వేసింది, సర్వే చేసింది, 2025 జనవరి గ్రామసభల్లో జాబితాలు చదివి వినిపించింది, అంతా ఈ మధ్యలోనే. కమిటీలో ఎస్సీ సభ్యుడు ఉండొచ్చు. ఆయన్ను వాడ ఎన్నుకోలేదు కాబట్టి వాడకు జవాబు చెప్పాల్సిన పని లేదు. సర్పంచులుంటే అంతా సక్రమంగా జరిగేదని మేము అనడం లేదు. 2006 నాటి ఇందిరమ్మ ఇళ్ల అక్రమాల మీద 2014లో సీఐడీ విచారణ వేయాల్సి వచ్చింది. అయితే సర్పంచును నిలదీయొచ్చు, మళ్లీసారి ఓడించొచ్చు. కమిటీని ఓడించే దారి లేదు.

కుర్చీ దక్కినా ముళ్లు తక్కువేం కావు. 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులన్న నిబంధన మూడు దశాబ్దాలు సాగి, 2025 ఎన్నికల ముందు తెలంగాణలో పోయింది. బాల్యవివాహాలు, శిశు మరణాలు ఎక్కువున్న ఇళ్ల ఆడవాళ్లనే అది ఎక్కువగా ఆపింది. హర్యానా ఇంకో అడుగు వేసి, ఇంట్లో మరుగుదొడ్డి లేనివాడు పోటీకి పనికిరాడంది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రభుత్వమే ఇల్లు ఇవ్వకపోయె, ఆ ఇల్లు లేదని పోటీకి రావద్దనే! మన 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచు సంతకం కూడా ఉండాలంది. ఉపసర్పంచు పదవికి రిజర్వేషన్ లేదు. దళిత సర్పంచున్న చోట ఆ రెండో సంతకం ఎవరి ఇంట్లో ఉంటుందో ఊళ్లో పనిచేసే కార్యకర్తలకు మేము చెప్పనక్కర్లేదు.

ఇల్లు కట్టడమంటే ఇసుక కూడా. పర్యావరణం మాట వచ్చినప్పుడు మేధావులు అడవి గురించి మాట్లాడతారు. ఇక్కడ అది మానేరు. వాగులో ఇసుక ఉంటేనే పక్క బావుల్లో నీళ్లు నిలుస్తాయి. లారీలకెక్కి పోతే చిన్న కమతాల బావులు ముందు ఎండుతాయి. 2017 జూలైలో తంగళ్లపల్లి మండలం నేరెళ్ల దగ్గర ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోయాడు. జనం లారీలు తగలబెట్టారు. తర్వాత పట్టుకుపోయిన దళిత, బీసీ యువకులను పోలీసులు చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ హైకోర్టు దాకా వెళ్లింది. పట్నంలో అపార్ట్‌మెంటు లేచే ఇసుకకూ, వాడలో 400 చదరపు అడుగుల ఇంటికి కావలసిన ఇసుకకూ ఒకే వాగు. ఎవరికెంత అన్నది ఊరు తేల్చడం లేదు.

ఇప్పుడు సర్పంచులొచ్చారు. కమిటీకి అధ్యక్షత సర్పంచుదే అని నియమం. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలె. అక్కడ ఎల్-1 గురించి కొట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఎల్-2ను పూర్తిగా చదివించడం, గ్రామకంఠం కొలిపించి పట్టాలు అడగడం, ఊరి ప్రభుత్వ భూమి ఎవరి కబ్జాలో ఉందో పేరుపెట్టి అడగడం మాత్రం వాడ నుంచి జరగాల్సిందే. ఆ సర్వే నంబర్లు తహసీలు కచేరీలో ఉన్నాయి.